డ్రై నీడ్లింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: అనంతపురం నుంచి ఒక ఫిజియోథెరపిస్టు జవాబులు

"అన్నా, ఆ సూదులేస్తే ఒక్క రోజులో నడుము నొప్పి పోతుందంట గదా?" ఈ మధ్య మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు చెప్పులు విప్పుతూనే అడుగుతున్న మాట ఇది. ఇంకో రకం వాళ్ళున్నారు. రెండేళ్ళుగా మెడ తిప్పలేక బాధపడుతున్నా, సూది అన్న మాట వినగానే "వద్దులే సార్, కాపడం పెట్టుకుంటా" అని లేచిపోతారు. మొదటివాళ్ళు ఆశ కొంచెం తగ్గించుకోవాలి, రెండోవాళ్ళు భయం కొంచెం తగ్గించుకోవాలి. ఇద్దరినీ మనసులో పెట్టుకుని, రోజూ నోటితో చెప్పే జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను.

డ్రై నీడ్లింగ్ అంటే అసలు ఏంటి?

కండరంలో బాగా పట్టేసి, నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి పుట్టే చోట సన్నటి సూదిని గుచ్చి, ఆ పట్టు వదిలించే పద్ధతి. సూదిలో మందు ఉండదు. లోపల బోలుగా కూడా ఉండదు, అది గట్టి స్టీలు తీగ. మందు లేని 'పొడి' సూది కాబట్టి డ్రై నీడ్లింగ్ అన్నారు. మన ఊళ్ళలో సూది అంటే సూదిమందే కాబట్టి, వేసిన తర్వాత "ఏం మందు ఎక్కించారు సార్?" అని అడగడం మామూలే. ఏమీ ఎక్కించం.

కండ గడ్డ కట్టింది అంటారు కదా, అదేనా?

చాలావరకు అదే. ఫిజియోథెరపీలో ట్రిగ్గర్ పాయింట్ అంటాం. భుజం పైన, మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని నలిపి చూడండి. చాలామందికి అక్కడ తాడులాంటి బిగువు తగులుతుంది. ఆ తాడు మీద ఒకచోట నొక్కితే మాత్రం నొప్పి జివ్వుమని ఎక్కడికో పాకుతుంది.

ఆ 'ఎక్కడికో' అన్నదే ముఖ్యం. నొప్పి ఉన్నచోటే తప్పు ఉండాలని లేదు. మెడ పక్క కండ పట్టేస్తే కణత దగ్గర తలనొప్పి వస్తుంది. రెక్క ఎముక మీది కండ పట్టేస్తే భుజం ముందువైపు, చేతి పొడవునా లాగుతుంది. పిరుదు లోపలి కండ పట్టేస్తే నొప్పి కాలి పక్కగా చీలమండ దాకా దిగి, అచ్చం సయాటికాలాగా (నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పిలాగా) ఉంటుంది. పిక్క లోపలి కండ పట్టేస్తే పొద్దున లేచి అడుగు పెట్టగానే మడమ గుచ్చుతుంది. మడమకు నెలల తరబడి కాపడం పెట్టి విసిగిపోయినవాళ్ళ పిక్కను ఒక్కసారి నొక్కితే "అదే, అదే నొప్పి సార్!" అని అరుస్తారు. నేను వెతికేది ఆ మాట కోసమే. నొక్కితే నొప్పి పుట్టడం వేరు, రోజూ బాధించే ఆ నొప్పే మళ్ళీ పుట్టడం వేరు. రెండోది జరిగితేనే అక్కడ సూది పెట్టడానికి అర్థం ఉంటుంది.

సూది గుచ్చితే పట్టు ఎందుకు వదులుతుంది?

పూర్తిగా తేలిన విషయం కాదు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. నరం వచ్చి కండను తాకే చోట, కండ బిగుసుకోమని చెప్పే రసాయనం అవసరానికి మించి ఊరుతూ ఉంటుంది. ఆ చిన్న భాగం వదలకుండా బిగుసుకుని, తనకొచ్చే రక్తాన్ని తానే నొక్కేసుకుంటుంది. రక్తం అందక నొప్పి పుట్టించే పదార్థాలు పేరుకుంటాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 2005లో ఒక పరిశోధన చేశారు. సూదిలాంటి సన్నటి గొట్టంతో ఆ బిగువులోని ద్రవాన్ని తీసి చూస్తే, మామూలు కండలోకన్నా అక్కడ ఆమ్లగుణం, నొప్పి రసాయనాలు ఎక్కువగా కనిపించాయి.

సూది సరిగ్గా ఆ చోట తగిలినప్పుడు కండ తనంతట తాను ఒక్క క్షణం చేపపిల్లలాగా ఎగిరిపడుతుంది. వెన్నుపాము గుండా జరిగే అసంకల్పిత స్పందన అది. దాని తర్వాత బిగువు సడలడం వేలికి తెలుస్తుంది. అయితే ఆ ఎగురు కనిపించనంత మాత్రాన పని జరగలేదని అనుకోనక్కర లేదు.

ట్రిగ్గర్ పాయింట్ సిద్ధాంతాన్నే ప్రశ్నించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు వేళ్ళతో పరీక్షించి, ఇద్దరూ ఒకే చోట గుర్తు పెట్టడం అంత తేలిగ్గా కుదరదు. ఈ మాట దాచి వైద్యం చేయడం నాకు ఇష్టం లేదు.

ఇది చైనా ఆక్యుపంక్చరే కదా, పేరు మార్చారంతే?

సూది అదే, ఆలోచన వేరు. ఆక్యుపంక్చర్ వేల ఏళ్ళ చైనా సంప్రదాయం. శరీరంలో ప్రాణశక్తి ప్రవహించే దారులున్నాయని, వాటి మీది బిందువుల దగ్గర సూది పెట్టాలని అది చెబుతుంది. డ్రై నీడ్లింగ్ పాశ్చాత్య వైద్యంలోంచి పుట్టింది. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ ఉండేవారు. నడుము నొప్పితో బాధపడిన కెన్నెడీ అధ్యక్షుడయ్యాక ఆయన వైద్యురాలిగా వైట్‌హౌస్‌లో పనిచేశారు. ఈ పట్టేసిన చోట్లను కండరం కండరంగా పటాలు గీసి చూపించింది ఆమె, ఆమెతోపాటు డేవిడ్ సైమన్స్ అనే డాక్టరు. వాళ్ళు అక్కడ మత్తుమందు సూదులు వేసేవారు. 1979లో ప్రాగ్‌కు చెందిన కారెల్ లెవిట్ అనే డాక్టరు, ఉపశమనం చాలావరకు సూది తగలడం వల్లే వస్తోందని, లోపలికి పోయే మందు వల్ల కాదని ఒక వ్యాసం రాశారు. మందు లేని సూదికి దారి తెరిచింది అదే. పోల్చి చూసే రెండో బృందం లేని పరిశీలన కాబట్టి, దాన్నే చివరి మాటగా తీసుకోకూడదు.

రెంటిలో ఏది గొప్ప అన్న వాదన నాకు అక్కర్లేదు. మేము శరీర నిర్మాణం చదువుకుని, ఏ కండ కింద ఏ నరం, ఏ రక్తనాళం ఉందో లెక్క చూసుకుని సూది పెడతాం. నాడి చూసి ప్రాణశక్తి దారుల మీద పెట్టడం మా చదువులో లేదు.

చాలా నొప్పి పుడుతుందా?

సూది చర్మం దాటేటప్పుడు దోమ కుట్టినంత. మామూలు సూదిమందు సూది మందం 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మేము వాడేది ఎక్కువగా 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. మూడు నాలుగు వెంట్రుకలు కలిపి పట్టుకున్నంత.

లోపల పట్టేసిన చోట తగిలినప్పుడు మాత్రం నొప్పి ఉంటుంది. లేదని చెప్పి పడుకోబెట్టడం మోసం. పిక్క పట్టేసినప్పుడు లాగుతుందే, అలాంటి లాగుడు ఒకటి రెండు క్షణాలు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు, కొత్తగా చేను తవ్విన మర్నాడు ఒళ్ళు సలిపినట్టు ఉంటుంది. తట్టుకోలేకపోతే 'చాలు' అనండి. ఆ మాట వినగానే సూది బయటికొస్తుంది. ఓర్చుకుంటే ఎక్కువ ఫలితం వస్తుందనేది అపోహ.

నిజంగా పనిచేస్తుందా?

ఇన్నేళ్ళలో నేను చూసిందీ, పరిశోధనలు చెప్పేదీ ఇక్కడ చాలావరకు కలుస్తాయి. మెడ, భుజం, నడుము కండరాల నొప్పుల్లో డ్రై నీడ్లింగ్ కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా నొప్పి తగ్గిస్తుందని చాలా అధ్యయనాలు కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఆ ఆధారాల నాణ్యత తక్కువ నుంచి మధ్యస్థం అని కూడా అవే చెబుతున్నాయి. పోలిక కోసం గుచ్చినట్టు నటించే ఉత్తుత్తి సూదితో పోలిస్తే తేడా ఉంది కానీ పెద్దది కాదు. ఆరు నెలలు, ఏడాది తర్వాత చూస్తే మిగతా ఫిజియోథెరపీ పద్ధతులకన్నా మెరుగని చెప్పడానికి గట్టి ఆధారం లేదు.

మరి ఎందుకు వేస్తున్నావయ్యా అంటే, ఆ కొన్ని వారాల కోసమే. మెడ అసలు తిరగని మనిషికి మెడ వ్యాయామం నేర్పించలేను. నొప్పి సగం తగ్గితే మెడ తిరుగుతుంది. మెడ తిరిగితే వ్యాయామం మొదలవుతుంది. బిగువు పోయిన కండకు బలం వస్తేనే అది మళ్ళీ పట్టేయకుండా ఉంటుంది. సూది వేయించుకుని, హాయిగా ఉందని వ్యాయామం మానేసి, రెండు నెలలకు అదే నొప్పితో తిరిగొచ్చినవాళ్ళను ఎందరినో చూశాను. వాళ్ళ మీద నాకు కోపం రాదు. కూలి మానుకుని వచ్చే మనిషికి రోజూ పదిహేను నిమిషాలు దొరకడం కష్టమే. అందుకే ఎనిమిది రకాల వ్యాయామాల కాగితం ఇచ్చి పంపడం మానేశాను. రెండే నేర్పిస్తాను, పని మధ్యలో చేసుకునేవి.

మేం మగ్గం నేస్తాం / శెనక్కాయ పని చేస్తాం / బండల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. మాకు పనికొస్తుందా?

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మీరే.

ధర్మవరం వైపు నుంచి వచ్చే నేతన్నలది ఒక తీరు. గుంత మగ్గంలో కాళ్ళు కిందికి వేసి పొద్దుగూకులూ కూర్చుంటారు. ఒక చేయి తాడు లాగుతుంది, ఇంకో చేయి పోగును లోపలికి కొడుతుంది, తల కిందికే వంగి ఉంటుంది. తాడు లాగే వైపు భుజం, రెక్క ఎముక కండలు రాయిలాగా ఉంటాయి. వీళ్ళకు సూది బాగా పనిచేస్తుంది, కానీ మగ్గం దగ్గర ఏమీ మారకపోతే నొప్పి నెలకే తిరిగొస్తుంది. కూర్చునే పలక ఎత్తు ఒక దిండుతో పెంచితే తుంటి కాస్త పైకి లేచి నడుము నిటారుగా నిలుస్తుంది. బుటా కనిపించేలా లైటు ముందుకు జరిపితే మెడ వంగడం తగ్గుతుంది. ఒక నేతన్నకు మూడు వారాలు సూది వేసినా లాభం లేక, చివరికి ఆయన కొడుకు ఫోనులో తీసిన వీడియో చూసి ఈ రెండూ చెప్పాను. నాలుగో వారం ఆయన సూది కోసం రాలేదు, నొప్పి తగ్గిందని చెప్పిపోవడానికి వచ్చాడు.

శెనక్కాయ కోతలప్పుడు, అంటే అక్టోబరు, నవంబరుల్లో, నడుము పట్టేసిన ఆడవాళ్ళు ఎక్కువగా వస్తారు. నడుము నుంచి వంగి చెట్లు పీకడం, ఆ తర్వాత గంటల తరబడి కింద కూర్చుని కాయ తెంపడం. పిరుదు కండలు, నడుము పక్క కండలు రెండూ పట్టేస్తాయి. పని ఒత్తిడి నడుస్తుండగా సూది వేస్తే ఆ సలుపుతోనే మర్నాడు మళ్ళీ చేలోకి దిగాలి. అమ్మా, రెండు రోజులు తెరిపి దొరికినప్పుడు రండి. అప్పటిదాకా కాపడం, గంటకోసారి లేచి నడుము మీద రెండు చేతులూ పెట్టి పదిసార్లు వెనక్కి వంగడం చాలు.

తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల కటింగు, పాలిష్ పనిలో ఉన్న అన్నలకు ఒక హెచ్చరిక. రాతి దుమ్ములో ఏళ్ళుగా పనిచేసి దగ్గు, ఆయాసం ఉంటే ముందే చెప్పండి. పాడైన ఊపిరితిత్తులున్న మనిషికి ఛాతీ చుట్టుపక్కల సూది పెట్టడం ఎక్కువ ప్రమాదం. అలాంటప్పుడు నేను అక్కడ చేతులతోనే పనిచేస్తాను. వీపు పైభాగం నొప్పితోపాటు విడవని దగ్గు, బరువు తగ్గడం ఉంటే ముందు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపుతాను.

మోకాలి గుజ్జు అరిగిందన్నారు. సూదితో గుజ్జు మళ్ళీ వస్తుందా?

రాదు. వస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. డ్రై నీడ్లింగ్ సూది కీలు లోపలికి పోదు, పోకూడదు. మోకాలి చుట్టూ ఉన్న తొడ కండలు, పిక్క కండలు పట్టేసి ఉంటే ఆ వాటా నొప్పి తగ్గవచ్చు. తొడ ముందు కండ నొప్పి మోకాలి చిప్ప మీద తగలడం చాలా మామూలు. అరిగిన మోకాలికి అసలు మందు తొడకు బలం పెంచడం, బరువు తగ్గడం, నడక మానకపోవడం.

ఎమ్మారైలో డిస్కు జారిందని వచ్చింది. వేయించుకోవచ్చా?

ఎమ్మారై కాగితం చూసి భయపడకండి. నొప్పి ఏమీ లేనివాళ్ళకు తీసినా నలభై దాటినవారిలో చాలామందికి డిస్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. కాగితం మీద ఎల్-ఫోర్, ఎల్-ఫైవ్ (నడుము దగ్గరి వెన్నుపూసల పేర్లు) అని ఉందంటే మీ నొప్పి దానివల్లేనని అర్థం కాదు. కాలి బలం, స్పర్శ, మోకాలి దగ్గర సుత్తితో కొట్టి చూసే స్పందన బాగుంటే, నడుము చుట్టూ బిగువుకు సూది వాడొచ్చు. డిస్కును మాత్రం అది లోపలికి నెట్టదు.

కాలి బొటనవేలు పైకి లేవకపోయినా, నడిచేటప్పుడు పాదం ఈడుస్తున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా లేక రాకుండా ఆగినా, జీను తగిలేచోట, అంటే మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. అది ఆపరేషను దాకా పోయే అత్యవసరం. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

భుజం పైకి లేవడం లేదు, షుగరు కూడా ఉంది. ఏం చేయాలి?

షుగరు ఉన్నవాళ్ళకు భుజం బిగుసుకుపోవడం మామూలుకన్నా ఎక్కువ. కీలు చుట్టూ ఉన్న సంచి దళసరిగా ముడుచుకుపోవడం దానికి కారణం. సూది ఆ సంచిని విప్పలేదు. చుట్టూ కండలు నొప్పికి భయపడి బిగుసుకుంటాయి కదా, వాటిని వదిలిస్తే రాత్రి నిద్ర పడుతుంది, వ్యాయామం కాస్త తేలికవుతుంది. ఈ జబ్బు ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నడుస్తుంది. ఓపిక పట్టాలి. షుగరు అదుపులో లేకపోతే పుండు, చీము భయం ఉంటుంది కాబట్టి ముందు దాన్ని దారికి తెచ్చుకుని రండి.

మా ఊరి నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. ఒళ్ళంతా నొప్పులు. సూదులు పనిచేస్తాయా?

ఈ ప్రశ్న మన జిల్లాలో అడగాల్సినదే. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మొదట పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకలు దళసరెక్కి, కీళ్ళను కట్టి ఉంచే పట్టీలు కూడా ఎముకలాగా గట్టిపడతాయి. వెన్ను వంగదు, మెడ తిరగదు. అది కండ పట్టు కాదు, సూదితో వదలదు. వయసుకు మించి ఒళ్ళు బిగుసుకుపోయి, ఇంట్లో ఇంకొకరిద్దరికి కూడా అలాగే ఉండి, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గీతలుంటే మొదట నీళ్ళు పరీక్ష చేయించండి. తాగడానికీ వండుకోవడానికీ మంచి నీళ్ళ ఏర్పాటు చేసుకోవడమే మొదటి వైద్యం. అలాంటివాళ్ళ దగ్గర సూది పేరుతో డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పదు. ఉన్న కదలికను నిలబెట్టుకునే వ్యాయామాలు నేర్పిస్తాను.

చికున్‌గున్యా తర్వాతి కీళ్ళ నొప్పులకు కూడా దాదాపు ఇదే మాట. 2005, 2006లో అది రాయలసీమను ఊపేసినప్పుడు నెలల తరబడి చెంబు పట్టుకోలేకపోయినవాళ్ళు ఇంటింటా ఉన్నారు. అది కీలు లోపలి వాపు. వాపు ఉన్న కీలు దగ్గర సూది పెట్టం. కీలు వాచి, వెచ్చగా ఉండి, పొద్దున లేచాక గంటసేపు చేతివేళ్ళు ముడవలేకపోతుంటే కీళ్ళవాతం పరీక్ష కూడా చేయించుకోండి.

ఎవరు వేయించుకోకూడదు?

రక్తం పలచబరిచే మాత్రలు (ఎసిట్రోమ్, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి) వేసుకునేవాళ్ళు తప్పక చెప్పాలి. సూది కోసమని ఆ మాత్రలు మీకు మీరే ఆపేయకూడదు. గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళకు అది ప్రాణాంతకం కావచ్చు. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్ళు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, జ్వరంతో ఉన్నవాళ్ళు వద్దు. గడ్డ, చీము, తామర ఉన్న చోట వద్దు. రొమ్ము ఆపరేషను తర్వాత చేయి వాచి ఉంటే ఆ చేతికి వద్దు. మార్చిన కీలు దగ్గర వద్దు. గర్భంతో ఉన్నవాళ్ళకు నేను వేయను. పేస్‌మేకర్ ఉంటే సూదికి కరెంటు పెట్టే పద్ధతి వద్దే వద్దు.

సూదంటే వణికిపోయేవాళ్ళు కూడా. బలవంతంగా వేస్తే కండ ఇంకా బిగుస్తుంది. వేలితో నొక్కి పట్టడం, సాగదీయడం, కాపడంతో కూడా చాలా పని జరుగుతుంది.

ప్రమాదం ఏమైనా ఉందా?

చిన్నవి మామూలే: సలుపు, ఒక చుక్క రక్తం, కందిన మచ్చ. కొందరికి కళ్ళు తిరుగుతాయి. నేను కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి భుజానికి సూది పెట్టాను. మనిషి పాలిపోయి ముందుకు వాలిపోయాడు. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. తప్పు నాదే. ఆ రోజు నుంచి ఎంత చిన్న సూదైనా పడుకోబెట్టే వేస్తున్నాను. మీకు వేసేవాళ్ళు కూర్చోబెడితే "పడుకుంటాను" అని అడగండి.

పెద్ద ప్రమాదం ఒకటుంది. మెడ కింది భాగం, భుజం పైన, రెక్కల మధ్య, పక్కటెముకల దగ్గర సూది లోతుగా పోతే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడి చుట్టూ గాలి చేరవచ్చు. చాలా అరుదు, కానీ జరిగింది. వెంటనే తెలియకపోవచ్చు. ఇంటికెళ్ళాక, కొన్ని గంటలకో ఒకటి రెండు రోజులకో ఊపిరి పీలిస్తే ఛాతీలో గుచ్చినట్టు నొప్పి, ఆయాసం, పొడి దగ్గు మొదలవుతాయి. సూది సలుపే కదా అని పడుకోకండి. 108కి ఫోను చేయండి. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండల్లో ఉన్నా సరే, ఎక్స్‌రే ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి "వీపు మీద సూదులు వేయించుకున్నాను" అని ముందు ఆ మాట చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు గ్యాసు నొప్పి అనుకోవచ్చు.

సూది కొత్తదేనని ఎలా తెలుస్తుంది?

ప్యాకెట్టు మీ కళ్ళ ముందే చింపాలి. ఒక మనిషికి వాడింది ఇంకో మనిషికి వాడకూడదు, ఉడకబెట్టి కూడా వాడకూడదు. కామెర్ల వైరస్సులు అలాగే పాకుతాయి. వేసేవాళ్ళు చేతులు కడుక్కోవాలి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడవాలి. వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని తెల్లటి డబ్బా గదిలోనే ఉండాలి. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనలు చెప్పేది అదే. పెట్టిన సూదులు లెక్కపెట్టి, తీసినవీ లెక్కపెట్టాలి. మీరు కూడా లెక్కపెట్టండి, మొహమాటపడకండి.

ఎవరి దగ్గర వేయించుకోవాలి?

ఫిజియోథెరపీలో డిగ్రీ ఉండాలి. నాలుగేళ్ళ చదువు, ఆపై ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీని తన కిందికి తెచ్చింది. డిగ్రీ తర్వాత డ్రై నీడ్లింగ్‌కు విడిగా శిక్షణ ఉండాలి. ఇక్కడే నాకు బాధ. శని, ఆదివారాలు రెండు రోజులు హోటల్ హాల్లో కూర్చుని, సోమవారం బోర్డు మీద 'డ్రై నీడ్లింగ్ స్పెషలిస్ట్' అని రాయించుకోవడం నేను చూశాను. రెండు రోజుల్లో సూది గుచ్చడం వస్తుంది. ఎక్కడ గుచ్చకూడదో తెలియడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి అడగండి: శిక్షణ ఎక్కడ, ఎన్ని రోజులు, ఛాతీ మీద వేయడం నేర్చుకున్నారా, ఏదైనా జరిగితే ఏం చేస్తారు? మంచివాళ్ళు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

ఇంట్లో మేమే వేసుకోవచ్చా? ఆన్‌లైన్‌లో సూదులు దొరుకుతున్నాయి.

వద్దు.

ఎన్నిసార్లు వేయించుకోవాలి? ఎంత ఖర్చవుతుంది?

వారానికి ఒకసారి చొప్పున మూడు నుంచి ఆరుసార్లు సరిపోతుంది చాలామందికి. రెండు మూడుసార్లు వేసినా తేడా లేకపోతే ఆపేయాలి. అప్పుడు తప్పు సూదుల సంఖ్యలో లేదు, నొప్పికి కారణం వేరే ఉంది. ఖర్చు ఊరిని బట్టి, క్లినిక్‌ను బట్టి మారుతుంది. వేయించుకోకముందే అడగండి. ఇరవై సార్లకు ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీలు ఒప్పుకోకండి. మూడోసారికి మీకు ఇక అవసరం ఉండకపోవచ్చు.

ఆడవాళ్ళకు బట్టలు విప్పాల్సి వస్తుందా?

సూది పడేచోటు కనిపించాలి, అంతవరకే. నడుముకైతే చీరె కుచ్చిళ్ళు కొంచెం కిందికి జరిపితే చాలు. మెడకు, రెక్కకు వెనక హుక్కులుండే జాకెట్టు వేసుకొస్తే తేలిక. మిగతా అంతా దుప్పటితో కప్పే ఉంచాలి. తోడుగా ఎవరినైనా గదిలోకి తెచ్చుకోవచ్చు, అది మీ హక్కు. బట్టల మీదుగా మాత్రం సూది వేయకూడదు. నొప్పి చెప్పుకోవడానికే సిగ్గుపడి పదేళ్ళు మోసిన అమ్మలను చూశాను. మహిళా ఫిజియోథెరపిస్టు కావాలంటే మొహమాటం లేకుండా అడగండి.

ఉపవాసం ఉన్న రోజు రావచ్చా? రోజా ఉన్నప్పుడు?

ఖాళీ కడుపుతో వద్దు, కళ్ళు తిరుగుతాయి. రంజాన్ నెలలో ఇఫ్తార్ అయ్యాక రండి, లేదా పండగ దాటాక మొదలుపెడదాం. ఎండాకాలంలో బస్సు దిగి నేరుగా బల్ల మీద పడుకోకండి. పది నిమిషాలు నీడన కూర్చుని, నీళ్ళో మజ్జిగో తాగి లోపలికి రండి.

వేయించుకున్నాక పనికి పోవచ్చా?

తేలిక పని చేసుకోవచ్చు. ఆ రోజు బస్తాలు మోయడం, ట్రాక్టరు తోలడం వద్దు. కదలకుండా పడుకోవడం కూడా వద్దు. సాయంత్రం వేడినీళ్ళ కాపడం, నేర్పిన వ్యాయామం. కళ్ళు తిరిగితే బండి నడపకుండా ఎవరినైనా పిలిపించుకోండి.

నొప్పి మాత్రలు మానేయవచ్చా?

ఊళ్ళో నొప్పి పుట్టినప్పుడల్లా సూదిమందు, మెడికల్ షాపులో రంగురంగుల మాత్రల పొట్లం అలవాటైనవాళ్ళు ఎక్కువ. కొన్ని పొట్లాల్లో స్టెరాయిడ్లు ఉంటాయి. నెలల తరబడి వాడిన స్టెరాయిడును ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. రోజూ వేసుకునే నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి, అదీ షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు మరీ. నొప్పి తగ్గుతుంటే ఆ మాత్రలు ఎలా తగ్గించాలో డాక్టరును అడగమని నేను చీటీ రాసిస్తాను.

ఎడమ భుజం లాగుతోంది, సూది వేస్తారా?

నడిస్తే పెరిగి, ఆగితే తగ్గే లాగుడా? చెమటలు, ఛాతీ బరువు, దవడ నొప్పి తోడున్నాయా? అయితే ముందు ఈసీజీ. చేయి కదిలిస్తే పెరిగే నొప్పి, వేలితో నొక్కితే దొరికే నొప్పి అయితే చూద్దాం. ఈ ప్రశ్నలు అడగకుండానే సూది తీసే చోటు నుంచి లేచి వచ్చేయండి.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

పాత ఎక్స్‌రేలు, స్కానింగులు, రక్త పరీక్ష కాగితాలు అన్నీ. రోజూ వేసుకునే మాత్రలు పేర్లు గుర్తుండవు కాబట్టి ఖాళీ అట్టలతో సహా సంచిలో వేసుకురండి. వదులు బట్టలు. ఇంకో మాట: ఇంట్లో పిల్లలతో చెప్పి, మీరు మగ్గం మీదో, కుట్టుమిషను మీదో, కంప్యూటరు ముందో కూర్చుని పనిచేస్తుండగా పక్కనుంచి ఒక నిమిషం వీడియో తీయించుకుని రండి. ఎక్స్‌రే కన్నా ముందు నేను అడిగేది అదే.